అదురు లెక్క

రాప్తాడు,
జూన్ నెల

షహనాజ్ గారికి,

ఆరీఫా రాస్తున్నది. మీ కంపెనీ హెల్ప్‌లైనుకు రాసి రాసి విసుగొచ్చింది. "మీ ఫిర్యాదు మాకు ముఖ్యం" అని జవాబొస్తాది, ఆ పైన ఏమీ రాదు. మీ కంపెనీ మాకమ్మిన కంప్యూటరు పెట్టె లోపల నడిచే ప్రోగ్రాము రాసింది మీరేనని మీ తమ్ముడు అస్లాం ఒకసారి గొప్పగా చెప్పుకున్నాడు. అందుకే నేరుగా మీకే రాస్తాండా. మీరు నా ఫోను ఎత్తరు. నేనూ మీకు ఫోను చేసే మనిషిని కాను. ఇది చుట్టరికపు జాబు కాదు, ఒక కస్టమరు రాసిందనుకోండి.

మా కొండ మీద కరెంటు తీసే గాలి ఫ్యాన్ల సంగతి మీకు తెలిసిందే. ప్రతి ఫ్యాను తలలోనూ, రెక్కల మొదట్లోనూ అదురును కొలిచే సెన్సర్లు ఉండాయి. అంత డేటాను కొండ మీది సన్న నెట్టు లైన్లో బయటికి పంపలేము. అందుకే మీ పెట్టె కొన్నారు. డేటా దాచుకునేదీ అదే, దాచినచోటే లెక్క చేసి జవాబు చెప్పేదీ అదే అని మీవాళ్లు వచ్చి బొమ్మలు చూపించి పోయినారు. బాగుండాది. కానీ ఆ ఒక్క పెట్టెను అడిగేవాళ్లు ముగ్గురుండారు.

మొదటిది, వచ్చే గంటల్లో ఎంత కరెంటు తీస్తామో కరెంటు ఆఫీసుకు పావుగంటకోసారి పంపాల్సిన అంచనా. ఇంకోటి, ముంబైలోని మా హెడ్డాఫీసు అడిగే రిపోర్టులు. వాళ్లు ఏండ్ల డేటానంతా తిరగేయమంటారు. ఆ తర్వాత మా అదురు లెక్క. యా బేరింగు అరుగుతాండాదో, యా రెక్క లోపల చీలుతాండాదో చెప్పేది అదొక్కటే. అది చూసే మనుషుల్ని టవరు ఎక్కిస్తాం.

గాలి లేని నెలల్లో ముగ్గురికీ సరిపోయింది. జూన్ గాలి మొదలైనప్పటి నుంచి అదురు లెక్క ముగియడమే లేదు. సగంలో ఉండగా అంచనా వచ్చి దీన్ని పక్కకు తోస్తాది. అది పోయేసరికి హెడ్డాఫీసు వచ్చి కూర్చుంటాది. మళ్లీ మా వంతు వచ్చేసరికి చేసిందంతా పోయి మొదటి నుంచి మొదలు. దీనికి దారేమిటో చెప్పండి.

ఆరీఫా,
కంట్రోల్ రూము ఇంజనీరు


బెంగళూరు,
జూన్ నెల

ఆరీఫాకు,

గారు అని రాసినావు. తమ్ముని పెండ్లాం నన్ను గారు అని పిలిచే పొద్దు కూడా చూసినా. కస్టమరు మాదిరి రాసినావు కాబట్టి ముందు కంపెనీ మనిషి మాదిరే చెప్తా.

పెట్టెలో తప్పు లేదు. ఎవరి పని ముందు చేయాలో దానికి చెప్పింది మీ సైటు వాళ్లే. పెట్టె బిగించినప్పుడు మీ మేనేజరు దివాకర్ పక్కనే కూర్చోని, అంచనా ముందు, హెడ్డాఫీసు తర్వాత, అదురు లెక్క చివర అని పెట్టించినాడు. అంచనా ఆలస్యమైతే మీ కంపెనీకి జరిమానా పడతాది. అదురు లెక్క ఆలస్యమైతే పడదు. పెట్టె చెప్పినట్టు చేస్తాండాది. పోయి ఆయప్పను అడుగు.

కంపెనీ మాట అయిపోయింది. ఇంక అక్క మాట. అమ్మ పోయినాక అస్లాంను సాకింది నేను. వానికి ఐటిఐ చదివించి, ఈడ లిఫ్టుల కంపెనీలో పని మాట్లాడి పెట్టినా. వాడు రాలేదు. ఎందుకు రాలేదో నీకు తెలుసు, నాకూ తెలుసు. నువ్వు ఏసీలో కూర్చోని స్క్రీను చూసుకుంటాండావు, వాడు నీ కొంగు పట్టుకోని ఆ కొండ మీద ఉండిపోయి దినామూ ఆకాశంలోకి ఎక్కుతాండాడు. మనుషుల్ని ఎక్కిస్తాం అని ఎంత తేలిగ్గా రాసినావు! ఆ ఎక్కేవాళ్లలో ఒకడు నా చేతుల్లో పెరిగినోడు.

షహనాజ్


రాప్తాడు,
జూలై నెల

వదినా,

గారు నచ్చలేదంటివి, తీసేసినా.

దివాకర్ సారును అడిగినా. "అంచనా ఒక్కసారి తప్పితే ముంబై నుంచి నాకు ఫోనొస్తాది. అదురు లెక్క తప్పితే ఎవరు ఫోన్ చేస్తారమ్మా?" అన్నాడు. ఆయప్ప దుర్మార్గుడు కాదు, భయస్తుడు. ఒక భయస్తుని చేతికి వరస ఇచ్చి, ఎవర్ని యాడ నిలబెడతావో నీ ఇష్టం అన్నది మీ కంపెనీ. చివర నిలబడినవాని వంతు ఎన్నటికీ రాకుండా పోవచ్చని ఆ ప్రోగ్రాము రాసేటప్పుడు నీకు తోచలేదా? ఇది ఇంజనీరింగు పిల్లోల్లకు క్లాసులో చెప్పే సంగతి. నువ్వు ఇన్నేండ్ల సర్వీసు చేసినదానివి.

ఇంకోటి. లెక్క ముగియకపోతే ముగియలేదని చూపించాల గదా? చూపించదు. ఎప్పుడో ముగిసిన పాత లెక్కను తెచ్చి స్క్రీను మీద పచ్చ రంగు వేస్తాది. అది గాలి లేని కాలపు పచ్చ. నాకు అనుమానమొచ్చి లోపల తవ్వి చూస్తే తెలిసింది. లేకుంటే మా కొండంతా పచ్చగా, క్షేమంగా ఉండాదనే అనుకుంటూ ఉండేదాన్ని.

అస్లాం సంగతి. లిఫ్టుల పని వద్దన్నది అస్లామే. పోదాం అన్నది నేను. "ఆ లిఫ్టు గుంతల్లో నాకు ఊపిరాడదు ఆరీఫా. పైన నిలబడితే ధర్మవరం దాకా కనపడతాది" అన్నాడు. నీకు చెప్పే ధైర్యం లేక, ఆరీఫా వద్దంటాండాదని నా మీద వేసినాడు. నేను గమ్మునున్నా. పెండ్లిలో అందరి ముందర నువ్వు నన్ను అన్న మాటలకు కూడా నోరు మెదపలేదు. నీ తమ్మునికి నేనంటే భయం లేదు వదినా, నువ్వంటేనే భయం. చెప్పేసినా. మీరూ మీరూ తేల్చుకోండి.

నాకు కావాల్సింది ఒక్కటే. పెట్టె శక్తిలో కొంత పాలు అదురు లెక్కకని విడిగా తీసిపెట్టి, దాన్ని ఎవరూ తాకకుండా చేసే దారి చెప్పు.

ఆరీఫా


బెంగళూరు,
జూలై నెల

ఆరీఫా,

వానికి ఫోన్ చేసి అడిగినా. అవుననలేదు, కాదనలేదు. "అక్కా, ఇప్పుడెందుకక్కా అవన్నీ" అన్నాడు. అర్థమైంది. ఇన్నేండ్లు వాడు నాతో నిన్ను తిట్టించినాడు. అది వాని మీది కోపం, వానితోనే తేల్చుకుంటా. అంతమాత్రాన నువ్వు నాకు తీపి కావు. పెండ్లిలో నేనన్న మాటల్లో కొన్ని ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

పెట్టె సంగతి. దారి ఉండాది. ఎంతసేపు కాచుకుంటే అంత ముందుకు జరిగే పద్ధతి ఒకటి నేను రాసి పెట్టినా. సగంలో ఆపిన లెక్కను ఆపిన కాడ నుంచే ఎత్తుకునేటట్టు కూడా చేసినా. పరీక్షలో అది బాగానే నడిచింది, కానీ ఎప్పుడో ఒకసారి అంచనా ఆలస్యమవుతాండాది. మా పై ఆయప్ప దాన్ని బయటికి పోనీలేదు. "ఏ కస్టమరన్నా అడిగినారా? అడిగినప్పుడు చూద్దాం" అని పక్కన పెట్టించినాడు. మీ కంపెనీ నుంచి మేనేజరే అడగాల. అంచనా అప్పుడప్పుడు తప్పినా మాకు సమ్మతమే అని రాసియ్యాల. నువ్వడిగితే ఇయ్యరు.

పచ్చ రంగు తప్పు మాది కాదు. లెక్కతో పాటు అది ఏ తేదీదో కూడా పెట్టె పంపుతాది. స్క్రీను తయారుచేసిన వాళ్లు జాగా చాలలేదని తేదీ తీసేసినారు.

ఇప్పుడు నేనొకటి అడుగుతా. టవరు ఎక్కే ముందు పర్మిట్టు ఇచ్చేది కంట్రోల్ రూమే గదా? అదురు లెక్క చూసినామని దాంట్లో సంతకం పెట్టాల. ఆ సంతకం ఎవరిది? పచ్చ పాతదని తెలిసినాక కూడా పెట్టినావా, మానేసినావా? రెండు జాబుల్లో నన్ను, మా కంపెనీని, మీ మేనేజర్నీ నిలబెట్టి కడిగినావు. ఈ సంగతి మాత్రం యాడా రాయలేదే?

షహనాజ్


రాప్తాడు,
జూలై చివర

వదినా,

పెట్టినా. నేను పెట్టకపోతే దివాకర్ సారు పక్క షిఫ్టు గంగాధరప్పతో పెట్టిస్తాడు. నేనైతే కనీసం ముడి డేటాను కంటితో తిప్పి చూసి పెడతా గదా అని నాకు నేను చెప్పుకున్నా. ఈ వారం నుంచి మానేసినా.

ఎందుకంటే అస్లాం ఎనిమిదో నంబరు ఫ్యాను మీద నుంచి దిగొచ్చి, అన్నం కూడా సరిగా తినలేదు. "రెక్కలు కట్టేసినాక కూడా గాలి తగిలినప్పుడల్లా పైన మిషను గది వణుకుతాండాది. ఇదివరకు ఇట్ల లేదు" అన్నాడు. పుల్లన్న కూడా అదే మాట చెప్పినాడు. వాళ్లిద్దరూ ఎప్పుడూ జంటగానే ఎక్కుతారు. ఎనిమిదిని ఆపేద్దామంటే, ఎర్ర రంగు రానిదే గాలికాలంలో ఫ్యాను ఆపే అధికారం నాకు లేదు. లెక్క ముగిస్తే గదా ఎర్ర రంగు వచ్చేది!

ఎనిమిదికి పర్మిట్టు ఇయ్యనని దివాకర్ సారు మొహాన చెప్పినా. "నీ మొగుడు ఎక్కుతాండాడని ఇట్ల మాట్లాడుతాండావు. ఇంకొకడైతే ఈపాటికి పెట్టి ఉండేదానివి" అన్నాడు, అందరూ వింటాండగా.

మీ కొత్త పద్ధతి కోసం ఆయప్ప టేబులు మీద కాగితం పెట్టినా. చూస్తానన్నాడు. చూడడు.

మీవాళ్లు పెట్టె బిగించడానికి వచ్చినప్పుడు ఒక పాస్‌వర్డు కొట్టి లోపలికి పోయి, ఎవర్ని కావాలంటే వాళ్లను ఆపినారు. నేను పక్కనే నిలబడి చూసినా. ఆ పాస్‌వర్డు నాకియ్యి. ఒక్క పూట చాలు. అంచనానూ హెడ్డాఫీసునూ బయట నిలబెట్టి, ఎనిమిది ఒక్కదాని లెక్క ముగించుకుంటా. నా కోసమైతే నిన్ను అడిగేదాన్ని కాదు, ఆ సంగతి నీకూ తెలుసు.

ఆరీఫా


బెంగళూరు,
ఆగస్టు నెల

ఆరీఫా,

ఇయ్యలేను. ఆ పాస్‌వర్డు మీ ఒక్క పెట్టెది కాదు, మేము అమ్మిన పెట్టెలన్నిటికీ అదే. ఆసుపత్రుల్లో ఉండాయి, బ్యాంకుల్లో ఉండాయి. అట్ల ఒకటే పెట్టడం తప్పని నేనూ అరిచినా, ఎవరూ వినలేదు. నీకిచ్చి, రేపు అది ఇంకొకని చేతికి పోతే జవాబు చెప్పుకోవాల్సింది నేను.

మా పై ఆయప్పతో కొట్లాడి మనిషిని పంపడానికి ఒప్పించినా. శుక్రవారం వస్తాడు. వచ్చి నువ్వు చెప్పిన లెక్క ముగించి పోతాడు. అంతవరకు ఎనిమిదికి ఎవర్నీ ఎక్కనీయొద్దు. పర్మిట్టు ఇయ్యనన్నావు గదా, ఆ మాట మీద నిలబడు. జీవితంలో ఒక్కసారన్నా నా తమ్ముని కోసం గట్టిగా నిలబడు.

షహనాజ్


అనంతపురం, ఆసుపత్రి,
ఆగస్టు నెల

షహనాజ్,

అస్లాం బతికుండాడు. ముందు ఆ మాట చదువు. ఇప్పుడు మిగతాది చదువు.

నీ శుక్రవారం రాకముందే బుధవారం వచ్చింది. నేను డ్యూటీకి పోయేసరికి అస్లాం, పుల్లన్న ఎనిమిది మీద ఉండారు. పర్మిట్టు మీద గంగాధరప్ప సంతకం. పొద్దన్నే ఇంట్లో నాకు ఎక్కనని చెప్పి వచ్చిన మనిషి! దివాకర్ సారు ఏమన్నాడో తర్వాత తెలిసింది. "నీకు భయమైతే ఉండప్పా, పుల్లన్నకు కొత్తోన్ని జోడు చేసి పంపుతా" అన్నాడంట. పని తెలియనోన్ని నమ్ముకోని పుల్లన్న ఎక్కడం నీ తమ్ముడు చూస్తా ఊరుకుంటాడా?

దివాకర్ సారు దగ్గరికి పరిగెత్తినా. "గ్రీజు పెట్టి దిగొస్తారు, ఊరికే హైరానా పడొద్దు" అన్నాడు. నేను ఇంక అడగలేదు. ఉద్యోగం పోతే పోనీ అని పెట్టె కాడికి పోయి హెడ్డాఫీసు కేబులు పీకినా. అంచనా కేబులు పీకినా. దివాకర్ సారు వెనక నుంచి అరుస్తానే ఉండాడు. పెట్టె కాడ అదురు లెక్క ఒక్కటే మిగిలింది. గాలికాలమంతా ముగియని లెక్క, అడ్డమొచ్చేవాళ్లు లేకపోయేసరికి ఒక టీ తాగేంత సేపట్లో ముగిసింది. ఎనిమిది ఎర్రగా వచ్చింది. ఒక రెక్క మొదట్లో చీలిక.

వాకీటాకీలో అరిచినా. "దిగండి, దిగండి" అని.

"ఇంకా గ్రీజు అయిపోలేదు. ఏమైంది?" అన్నాడు అస్లాం.

"అడగొద్దు. పుల్లన్నను తీసుకోని దిగు."

టవరు లోపలి నిచ్చెన మీద సగం దూరం దిగినారు. అప్పుడు గాలి విసిరింది. రెక్క విరిగి టవరును కొట్టింది. పైన గది ఒక పక్కంతా చీరుకుపోయింది. వాళ్లు ఆడే ఉండుంటే ఇద్దరూ లేరు. పైనుంచి ఇనుప మూత ఒకటి ఊడిపడి అస్లాం కాలును నిచ్చెనకేసి నలిపింది. తాడు మీద వేలాడుతాండే మనిషిని పుల్లన్న ఒక్కడే కిందికి దించినాడు. ఎట్ల దించినాడో ఆ మనిషికే గుర్తు లేదు.

కుడికాలు మోకాలి కింద తీసేసినారు.

ఒక్క పూట అడిగినా నిన్ను. ముందే ఇచ్చి ఉంటే ఆ ఎర్ర రంగు వాళ్లు ఎక్కకముందే నా చేతిలో ఉండేది. ఈడికి రావద్దు.

ఆరీఫా


బెంగళూరు,
ఆగస్టు నెల

ఆరీఫా,

రావద్దన్నా వచ్చినా. నా తమ్ముడు. ఆసుపత్రి గేటు కాడ, వచ్చేపోయేవాళ్ల ముందర, "పాస్‌వర్డు తెచ్చినావా వదినా?" అని అడిగితివి. నువ్వు చెంప మీద కొట్టినా లోపలికి పోయుండేదాన్ని. ఆ మాట విని వెనక్కి తిరిగినా. బస్టాండుకు తిరిగొచ్చి వచ్చిన బస్సే ఎక్కినా.

నువ్వు ఇంకొకరి నోట వినకముందే ఒక సంగతి నేనే చెప్తా. మా కంపెనీ ప్రమాదం మీద రిపోర్టు తయారు చేసింది. "పెట్టె కస్టమరు పెట్టిన వరస ప్రకారం సరిగ్గా పనిచేసింది" అని దాని సారం. ప్రోగ్రాము రాసింది నేను కాబట్టి నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టినా. దాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. వరస పెట్టింది మీ దివాకర్, మార్చనన్నది మీ దివాకర్. పెట్టకపోతే ఉద్యోగం పోతాది. వాని కాలికి, ముందుముందు వాని బతుకుకు ఎవరో ఒకరు సంపాదిస్తా ఉండాల గదా? నువ్వు నన్ను గేటు కాడ నిలబెట్టినా, ఆ బాధ్యత నాది కాకుండా పోదు.

వాడు తింటాండాడా?

షహనాజ్


గోరంట్ల,
సెప్టెంబరు నెల

షహనాజ్,

నన్ను సస్పెండు చేసినారు. అస్లాంను తీసుకోని మా నాయన ఇంటికి వచ్చినా.

నేరం ఏందో చెప్తా, విను. నేను కేబుళ్లు పీకడం వల్ల ఫ్యాన్లకూ కంట్రోల్ రూముకూ సంబంధం తెగిపోయిందంట. దాంతో ఎనిమిది అదుపు తప్పి రెక్క విరిగిందంట. దివాకర్ సారు రాసిచ్చినాడు. నా మొగుని కాలు నేనే తీసినానని ఆఫీసు కాగితం మీద ఎక్కింది. ఆ కేబుళ్లకూ ఫ్యాను అదుపుకూ ఏ సంబంధమూ లేదని నేను మొత్తుకుంటాండా. నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారు అంటాండారు. "పెట్టె తయారుచేసిన వాళ్లే సరిగ్గా పనిచేసిందని సంతకం పెట్టినారు. ఇంక మిగిలింది నువ్వు చేసిన పనే గదా" అంటాండారు. నీ సంతకం తెచ్చి నా ముందర పెట్టినారు.

అబద్ధం లేదంటివి. నిజం యాడుండాదో చూపించు. కొత్త పద్ధతి రాసి పక్కన పెట్టిన సంగతి ఉండాదా? జూన్‌లోనే నేను నీకు రాసిన సంగతి ఉండాదా? ఎర్ర రంగు వచ్చిన సంగతి? రెండు కంపెనీలూ తప్పించుకోవడానికి ఒక ఆడమనిషి దొరికింది. తాడు నువ్వు పేని ఇచ్చినావు.

నీ తమ్ముడు ఆ రిపోర్టు చదివినాడు. నేను చూపించలేదు, పుల్లన్న తెచ్చినాడు. చదివి, మడిచి, గోడ పక్కకు తిరిగి పడుకున్నాడు. తింటాండాడా అని అడిగితివి. ఆ పొద్దు తినలేదు.

అనంతపురంలో విచారణ పెట్టినారు. గోవిందప్ప అని రిటైరైన ఇంజనీరు చేస్తాడంట. మీ కంపెనీని కూడా పిలిచినారు. నువ్వు రాకపోయినా ఫర్వాలేదు. నీ సంతకం వచ్చింది గదా, చాలు.

ఆరీఫా


అనంతపురం, లాడ్జి,
సెప్టెంబరు నెల

ఆరీఫా,

ఈపొద్దు నువ్వు వరండాలో బెంచీ మీద ఉండావు. నేను నీ ముందర నుంచే లోపలికి పోయినా. నువ్వు తల తిప్పుకున్నావు, నేనూ పలకరించలేదు. లోపల ఏం జరిగిందో వాళ్లూ వీళ్లూ తలొక రకంగా చెప్తారు. అందుకే రాస్తాండా.

మా కంపెనీ మా పై ఆయప్పను, నన్ను పంపింది. మాట్లాడేది ఆయన, పక్కన కూర్చునేది నేను. గోవిందప్ప రిపోర్టు చేతిలో పట్టుకోని, "ఈ సంతకం ఎవరిది?" అన్నాడు.

"నాది. దాని పక్కన ఇంకొన్ని మాటలు చేర్చాల" అన్నా.

మా ఆయప్ప నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నా. అన్నీ చెప్పినా. ఈ వరసలో చివరోని వంతు అసలు రాకుండా పోవచ్చని మాకు ముందే తెలుసు. సరిచేసే పద్ధతి తయారుగా ఉన్నా అమ్మకానికి అడ్డమని బయటికి ఇయ్యలేదు. సైటు ఇంజనీరు జూన్‌లోనే గుర్తుపట్టి నాకు రాసింది. ఆమె పీకిన కేబుళ్లు పెట్టెను ప్రశ్నలడిగే కేబుళ్లు, ఫ్యాన్లను నడిపేవి వేరే. అవి పీకినందుకే లెక్క ముగిసింది, ఇద్దరు మనుషులు కిందికి దిగినారు. పాస్‌వర్డు ఆమె అడిగిందని, నేను ఇయ్యలేదని కూడా చెప్పినా. గోవిందప్ప రాసుకుంటానే ఉండాడు.

అప్పుడు దివాకర్ లేచినాడు. "ఈమె ఆ పిల్లకు ఆడబిడ్డ అయ్యా. ఇంటి మనిషిని కాపాడుకోవడానికి చెప్తాండాది" అన్నాడు.

"ఆ మనిషంటే నాకు పడదు. పెండ్లి నాటి నుంచి పడదు. నమ్మకం లేకపోతే బయట బెంచీ మీద కూర్చోనుండాది, పిలిచి అడగండి" అన్నా.

గోవిందప్ప నవ్వలేదు. "అవసరం లేదమ్మా" అని ఇంకో కాగితం తీసుకున్నాడు.

బయటికి వచ్చినాక మా ఆయప్ప నా ఐడీ కార్డు అడిగి తీసుకున్నాడు. ఇంక ఆఫీసుకు రావద్దన్నాడు. నీ కోసం చేసినానని అనుకోవద్దు. నేను సంతకం పెట్టినానని తెలిసి అన్నం ముట్టనోడు ఒకడుండాడు, వాని కోసం చేసినా.

వాన్ని ఒకసారి చూడనియ్యి. ఈసారి గేటు కాడ ఏమడిగినా పడతా.

షహనాజ్


రాప్తాడు,
నవంబరు నెల

వదినా,

శానా దినాలు నీకు జవాబు రాయలేదు. కావాలనే రాయలేదు.

నన్ను మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. రాప్తాడుకు తిరిగొచ్చినాం. దివాకర్ సారును యాడికో మార్చినారు. మీ కంపెనీ వాళ్లు వచ్చి నువ్వు రాసిన పద్ధతినే పెట్టెలో ఎక్కించి పోయినారు. ఇది రాసినామె ఎవరో తెలుసా అని ఆ పిల్లోన్ని అడిగితే, తెలియదన్నాడు. నేను నీ పేరు చెప్పలేదు. చెప్పి నీకు గొప్ప తెచ్చే పని నాకెందుకు? ఇప్పుడు అదురు లెక్క ముందు పోతాది, అంచనా కాచుకుంటాది. ఒకటి రెండుసార్లు ఆలస్యమైంది. ముంబై నుంచి ఫోనొచ్చింది. నేనే ఎత్తి మాట్లాడినా.

అస్లాంకు కొత్త కాలు పెట్టినారు. ఇంట్లో గోడ పట్టుకోని నడుస్తాండాడు. రాసుకుపోయి పుండయినప్పుడు నా మీద అరుస్తాడు, తర్వాత ఏడుస్తాడు. ఆకాశంలోకి చూడడం మానేసినాడు. బయట కూర్చోబెడితే కొండకు వీపు తిప్పి కూర్చుంటాడు. విచారణలో నువ్వు చెప్పిందంతా నీ జాబు తీసి వినిపించినా. మళ్లీ చదవమన్నాడు, మళ్లీ చదివినా.

నువ్వు నిజం చెప్పినందుకే నా ఉద్యోగం నిలబడింది, నిందా పోయింది. అది కాదనను. కానీ విచారణలో తెరిచిన నోరు నువ్వు జూలైలో తెరిచి ఉంటే, ఇంట్లో రెండు కాళ్ల మీద తిరిగే మనిషి ఉండేవాడు. ఇది నేను మర్చిపోలేను. మర్చిపోయినట్టు నటించడం నాకు చేతకాదు. నా సంతకాల గురించి నువ్వు కూడా మర్చిపోవు. నన్ను చూస్తే నీకూ, నిన్ను చూస్తే నాకూ అదే కనపడతాది. ఒక గదిలో కూర్చుంటే మళ్లీ మాటా మాటా పెరుగుతాది, మధ్యలో నలిగేది ఆయన.

నిన్ను పిలవమని ఆయన అడుగుతాండాడు. ఆదివారం రా. ఆ పొద్దు నేను పొద్దన్నే బస్సుకు గోరంట్ల పోతా, చీకటి పడే ముందర వస్తా. అంతలోపల నువ్వు బయలుదేరు. తాళంచెవి పుల్లన్న ఇంట్లో ఇచ్చిపోతా, అస్లాంకు తలుపు దాకా నడిచి వచ్చి తీసేది ఇంకా కష్టం.

అన్నం, ఉలవచారు వండి పెట్టి పోతా. వేడి చేసి ఆయనకు పెట్టు, కారం ఎక్కువైతే నెయ్యి వేయి. ఇద్దరికి సరిపోయేంత వండుతా.

ఆరీఫా